పలనాటి పోరు: రాజపక్షము, ప్రజాపక్షము

కొంతకాలము క్రిందట కైకలూరులో జరిగిన ఒక సాహిత్యసభలో పలనాటి వీరచరిత్రమును గూర్చి మేము మాటలాడవలసి వచ్చినది. కొల్లేటి ప్రాంతమున కోడిపందెమును గూర్చి తెలియని వారుండరు. సంక్రాంతి వచ్చినచో డేగ, కాకి, నెమలి అని పుంజుల రంగులు చెప్పి, ఏ రంగునకు ఏ పూట గెలుపో వాదించువారు వీథివీథినను కనబడుదురు. కావున గురజాల, మాచెర్ల పక్షములు కోడిపందెమాడి, ఓడిన మలిదేవాదులు ఏడేండ్లు దేశము విడిచి పోయిన ఘట్టము చెప్పుచుండగా సభ నిశ్శబ్దమైనది. మా వ్యాఖ్యానమునకు కాదు, పందెమునకు. ఉపన్యాసము ముగిసిన పిమ్మట వెనుక వరుసలో కూర్చున్న ఒక వృద్ధరైతు లేచి, "యుద్ధమయినాక గద్దె మీద ఎవరు కూర్చున్నారండీ?" అని అడిగెను. నలగామరాజే అని చెప్పితిమి. "మరయితే ఆ పిల్లలంతా ఎందుకు చచ్చినట్టండీ?" అని ఆయన మరల అడిగెను. మేము బ్రహ్మనాయుని ఔదార్యమును గూర్చి, వీరధర్మమును గూర్చి ఏదో చెప్పితిమి. ఆయన తల ఊపి కూర్చుండెను గాని, తృప్తి చెందినట్లు కనబడలేదు. మాకును తృప్తి కలుగలేదు. ఈ వ్యాసము ఆ ప్రశ్నకు ఆలస్యముగా వ్రాసిన సమాధానము.

ఆ ప్రశ్న ఇప్పుడు మఱింత అవసరమగుటకు వేఱొక కారణమును కలదు. పలనాటి కథపై వెలువడుచున్న విమర్శలలోను, మేము చూచిన కొన్ని సిద్ధాంతవ్యాసములలోను ఒక సూత్రము స్థిరపడిపోయినది. దాని ప్రకారము బ్రహ్మనాయుడు ప్రజాపక్షము, నాగమ్మ రాజపక్షము. చాపకూడు సమానత్వము, గురజాల కోట నిరంకుశత్వము. కారెంపూడి రణక్షేత్రమున ఈ రెండు సిద్ధాంతములు ఢీకొన్నవి. వినుటకు ఇంపుగా నున్న మాటయే. రాచరికమునకును గణతంత్రమునకును జరిగిన అంతర్యుద్ధమొకటి పండ్రెండవ శతాబ్దముననే తెలుగునేలపై జరిగినదని చెప్పుకొనుట గర్వకారణముగా కూడ నుండును. అయితే కథ అట్లు చెప్పుచున్నదా? చెప్పనిచో ఆ భావము మనకెచ్చటినుండి వచ్చినది?

ముందుగా మాటను చూడవలెను. రాజు లేని స్థితికి మన భాషలో చిరకాలముగా నున్న పదము "అరాజకము". ఆ పదమునకు మనము నేడు చెప్పుకొను అర్థము అల్లకల్లోలము. రాజు లేకపోవుటయు, దోపిడియు, ప్రాణభయమును ఒకే మాటలో ముడిపడి యున్నవి. దశరథుని మరణానంతరము అయోధ్యలో రాజు లేని దేశమున కలుగు అనర్థములను రామాయణము వరుసగా చెప్పును. చిన్న చేపను పెద్ద చేప మ్రింగు న్యాయమునకు వెఱచి ప్రజలు తమకొక రాజును కోరుకొనిరని భారత శాంతిపర్వము చెప్పును. కొల్లేటి ఒడ్డువారికి మత్స్యన్యాయమును వేఱుగ వివరింప నక్కఱ లేదు! రాజ్యము, రాజధాని, రాజకీయము, చివరకు రాజ్యాంగము, అన్నియు రాజునుండి పుట్టిన మాటలే. 1950లో రాజు లేని ప్రభుత్వమును స్థాపించుకొని, దాని మూలశాసనమునకు మనము రాజ్యాంగమని పేరు పెట్టుకొంటిమి. ఇట్టి భాషలో పెరిగిన మధ్యయుగ కథకుడు రాజు లేని రాజ్యమును ఊహించి యుండునని తలచుట సాహసము.

ఇక కథ. అనుగురాజు హైహయవంశీయుడు. చందవోలు వెలనాటి ప్రభువుల ఆడపడుచు మైలమదేవిని వివాహమాడి పలనాటిని అరణముగా పొందెను. అనగా ఆ రాజ్యము యుద్ధమున గెలిచినది కాదు, ప్రజలిచ్చినది కాదు, పెండ్లిలో వచ్చినది. మైలమకు నలగాముడు పుట్టెను. వీరవిద్యాదేవికి మలిదేవాదులు పుట్టిరి. సవతి కొడుకుల మధ్య వచ్చిన తగవు ఇది. జ్యేష్ఠునకు అఖండరాజ్యము చెందవలెనా, తమ్ములకు భాగము పంచవలెనా అనునది మూలప్రశ్న. బ్రహ్మనాయుడు పంపకము జరిపించి మలిదేవాదులను మాచెర్లకు తీసికొని పోయెను. నాయకురాలు నాగమ్మ నలగాముని పక్షమున నిలిచెను. మనసులోని ప్రజాస్వామ్యమును కొంతసేపు ప్రక్కన బెట్టి చూచినచో, ఇరుపక్షములును రాజునే కోరుచున్నవి. ఒకరికి ఒక రాజు చాలును. మఱొకరికి ఇద్దఱు కావలెను. ధర్మశాస్త్రకారులు దీనిని దాయభాగమందురు.

ఇచ్చట విమర్శకులు చూడక విడిచిన యొక విషయము కలదు. జన్మను బట్టి ప్రజాపక్షమును వెదకుదమన్నచో అది మాచెర్లలో దొరకదు, గురజాలలో దొరకును. బ్రహ్మనాయుని తండ్రి దొడ్డనాయుడు అనుగురాజు మంత్రి. అధికారము బ్రహ్మనాయునకు ఇంటిలోనిది. నాగమ్మ మంత్రుల బిడ్డ కాదు, రాజుల కోడలు కాదు. జిట్టగామాలపాటి పల్లెటూరి స్త్రీ. తన ఊరికి వచ్చిన రాజునకు, పరివారమునకు ఆతిథ్యమిచ్చి, ఆయన వలన వ్రాతమూలకముగా మాట పుచ్చుకొని, దానిని సమయమునకు చూపి మంత్రిపదవిని దక్కించుకొన్నది. వంశము వలన గాక బుద్ధి వలన పైకి వచ్చిన వ్యక్తి ఈ కథలో ఈమె యొక్కతెయే. మంత్రిపదవి వంశపారంపర్యము గాదని నిరూపించినది ఈమెయే. అట్టి ఆమెకు కథాసంప్రదాయమంతయు కుటిలయని పేరిచ్చినది. ఆమె శైవము, కథకుల వైష్ణవాభిమానము, మాచెర్ల చెన్నకేశవుని భక్తి ఇందుకు కొంత కారణములు. స్త్రీయగుట మిగిలిన కారణము. చలనచిత్రములు ఆమెకు కొంత న్యాయము చేసినవి. 1947 నాటి పల్నాటి యుద్ధములో కన్నాంబయు, 1966 నాటి చిత్రములో భానుమతియు ఆ పాత్రను ధరించిన పిమ్మట నాగమ్మను వట్టి దుష్టపాత్రగా తలచుట ప్రేక్షకులకు కష్టమైనది. విమర్శకులకు ఇంకను కష్టము కాలేదు.

చాపకూటిని గూర్చి జాగ్రత్తగా మాటలాడవలెను. ఒకే చాపపై కులభేదము లేక భుజించిన వీరుల బృందమొకటి ఆనాటి కథలో నుండుట సామాన్యవిషయము కాదు. కన్నమదాసు మాలకులమున పుట్టినవాడు, బ్రహ్మనాయునకు పెంపుడుకొడుకు, సేనానాయకుడు. పుత్రసమానుడని కథ పలుమారులు చెప్పును. దీనిని తక్కువ చేయుట మా యుద్దేశము గాదు. అయితే చాపకూడు పరిపాలనావిధానము కాదు. మాచెర్లలో పన్నులెట్లు వసూలైనవో, తీర్పులెట్లు జరిగినవో, సాగుభూమి ఎవరి చేతిలో నుండెనో కథ చెప్పదు. చాపకూడు మరణమునకు సిద్ధపడిన వారి సహపంక్తి. దాని హద్దు రణభూమి.

ఆ హద్దు ఎంత కఠినమైనదో అనపోతు కథ చూపును. బాలచంద్రునితో కలిసి పెరిగిన తమ్ములలో అనపోతు బ్రాహ్మణుడు. యుద్ధమునకు పోవునపుడు బాలచంద్రుడు అతనిని ఒక నెపము మీద వెనుకకు పంపివేయును. బ్రాహ్మణుడు యుద్ధమున చచ్చినచో ఆ పాపము తమకు చుట్టుకొనునని భయము. తనను తప్పించిరని తెలిసికొని అనపోతు ప్రాణము విడుచును. ఈ ఘట్టమును కరుణరసమునకు ఉదాహరణముగా తరగతిలో చెప్పుదుము, అంతటితో వదలుదుము. నిజమునకు ఇది చాపకూటిపై కథ తానే వ్రాసికొన్న విమర్శ. కలిసి తినవచ్చును, కలిసి చావరాదు. కన్నమదాసు చావు ఎవరికిని పాపము కాదు. అనపోతు చావు పాపము. వర్ణము చాపమీదినుండి లేచిపోయి యుద్ధభూమి ద్వారమున నిలిచి యున్నది. అనపోతు ఈ భేదమును అంగీకరింపలేదు. సమానత్వమును చివరివరకు నమ్మినవాడు ఈ కథలో ఎవరైన ఉన్నచో అతడేయని మా అభిప్రాయము.

ఇదే శతాబ్దమున కల్యాణములో జరిగిన దానితో పోల్చి చూచిన భేదము తెలియును. అచ్చటి రాజు బిజ్జలుడును కలచురి. పలనాటి హైహయులకు దూరపు జ్ఞాతియని చెప్పదగినవాడు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున, జగదేవుడు మొదలగు భక్తులు బిజ్జలుని చంపుటను చెప్పెను, చంపినవారిని నిందింపలేదు. రాజును చంపుట మహాపాతకమని తలచు సాహిత్యమున ఇది తెగువ గల రచన. అయితే అక్కడ కూడ రాజును తొలగించిన పిమ్మట ఏమి చేయవలెనను ప్రశ్న లేదు. భక్తులకు శివుడే రాజు. సింహాసనము ఖాళీ అయినచో దానిని గూర్చి వారికి చింత లేదు. పలనాటి వీరులకు ఆ సింహాసనము కావలెను. తమకు కాదు, మలిదేవునకు. కల్యాణపు భక్తులు రాజును లెక్కచేయలేదు. పలనాటి వీరులు రాజును లెక్కచేసి, ఆ రాజు కొఱకు మరణించిరి. ఈ రెంటిలో ఏది గణతంత్రమునకు దగ్గఱయో పరిశోధకులే తేల్చవలెను. మాకు రెండును దూరమే.

పోరు ఎట్లు మొదలైనదో కూడ చూడవలెను. ఏడేండ్ల వనవాసము తీరిన పిమ్మట మాచెర్లను తిరిగి ఇమ్మని అడుగుటకు అలరాజు రాయబారము పోయెను. అతడు నలగాముని అల్లుడు, మలిదేవుని పక్షపువాడు, ఇరుపక్షములకును కావలసినవాడు. చర్లగుడిపాటిలో విషప్రయోగమున మరణించెను. అతని భార్య పేరిందేవి నలగాముని కూతురు. ఒక రాజు తన కూతురిని విధవను చేసికొని యుద్ధము కొనితెచ్చుకొనెను. ఇంతవరకు పెద్దల దోషము. ఇక కారెంపూడిలో సేనలు దిగిన పిమ్మట సంధిమాట మరల వచ్చినది. పెద్దలు ఒప్పుకొనుటకు సిద్ధముగానే యుండిరి. ఒప్పుకొననివాడు బాలచంద్రుడు. తల్లి ఐతాంబ అతనిని యుద్ధము తెలియకుండ పెంచెను. బొంగరమాడుచుండగా ఆ బొంగరము తగిలి గాయపడిన స్త్రీ, నీ పౌరుషము బొంగరము మీద కాదు, రణములో చూపుమని దెప్పుటతో అతనికి యుద్ధము సంగతి తెలిసినది. అట్లు వచ్చినవాడు పెద్దల రాజీని త్రోసివేసెను. అతనికి పాలుభాగముతో పనిలేదు. అలరాజు చావునకు బదులు కావలెను.

శ్రీనాథుని పేర వెలసిన బాలచంద్రయుద్ధము, అక్కిరాజు ఉమాకాంతము గారు 1911లో ప్రకటించిన మంజరీద్విపద, ఈ యువకుని కోపమును ఆధారము చేసికొనియే నడచినది. అందుచేతనే దానిలో ఉద్రేకము కలదు గాని, రాజ్యము ఎవరికి చెందవలెనను వాదము బలహీనమైనది. కవి మలిదేవుని ముఖమును మనకు స్పష్టముగా చూపడు. ఎవరికొఱకు ఇన్ని తలలు తెగినవో ఆ రాజు కథలో ఒక పేరు మాత్రమే. ఇది రచనాదోషమని కొందఱు వ్రాసిరి. మాకది దోషముగా తోచలేదు. ఆ గాథను పాడినవానికి మలిదేవుడు ముఖ్యుడు కాడు; అందుచేత మలిదేవుడు లేడు.

ఈ మాట దగ్గఱ ఆగి, కైకలూరు ప్రాంతమునకు మరలి రావలసి యున్నది. ఈ సరస్సు ఒడ్డున రాజును గూర్చి చెప్పిన రెండు కథలున్నవి. అవి ఈ చర్చకు పనికివచ్చును.

మొదటిది దండి దశకుమారచరితములోని మంత్రగుప్తుని కథ. పెదవి గాయపడిన కారణమున ఓష్ఠ్యాక్షరములు లేక చెప్పబడిన కథయని దాని ప్రసిద్ధి. ఆ శబ్దచమత్కారము మాటున కథార్థమును చదువువారు తక్కువ. ఆంధ్రరాజు జయసింహుడు కళింగరాజును అతని పరివారముతో పట్టుకొని తెచ్చును. రాజపుత్రిక కనకలేఖను కోరును. ఆమెను యక్షుడొకడు ఆవేశించి యున్నాడని ప్రచారము. మంత్రగుప్తుడు సిద్ధుని వేషమున ఆంధ్రనగరమునకు వచ్చి, దానికి దాపున సముద్రమువలె నున్న సరస్సు తీరమున విడిసి, జనులచే పూజలందును. రాజు అతనిని ఆశ్రయించును. రాత్రివేళ ఈ సరస్సున మునిగి లేచినచో యక్షుని జయింపగల క్రొత్త దేహము వచ్చునని సిద్ధుడు చెప్పును. ముందే గట్టున బిలము త్రవ్వించి దాగియున్న మంత్రగుప్తుడు నీటిలో రాజును చంపి, తానే పైకి వచ్చును. ఒడ్డున వేచియున్నవారు క్రొత్త దేహము ధరించిన తమ రాజునే చూచినట్లు తలచి, ఏనుగునెక్కించి ఊరేగింతురు. ఆ సరస్సు కొల్లేరనియు, ఆ నగరము ఏలూరు చెంతనున్న వేంగియనియు, జయసింహుడు తూర్పుచాళుక్య జయసింహుడనియు కొందఱు చరిత్రకారులు తలచిరి. కేతన ఈ కావ్యమును తెనిగించి తిక్కనకు అంకితమిచ్చెను. కొల్లేరనుటలో సందేహమున్నవారు ఉండవచ్చును. కాని వేంగికి దాపున సముద్రము వంటి మంచినీటి సరస్సు మఱొకటి లేదు.

ఈ కథలో రాచరికముపై నున్న ఎగతాళి మన దృష్టికి రావలెను. రాత్రి మునిగినవాడు వేఱు, ఉదయము గద్దెయెక్కినవాడు వేఱు. ప్రజలకు తేడా తెలియదు; మంత్రులకు తెలియదు; తెలిసికొన నక్కఱయు లేదు. నీటిలో దిగినది రాజు గనుక లేచినదియు రాజే. సింహాసనము దేహములను మార్చుకొనును. దండి గణతంత్రవాది కాడు. అయినను రాజు పవిత్రత ఎంత పలుచనిదో నవ్వుచు చూపినవాడు. బ్రహ్మనాయుని విప్లవకారునిగా చేయుటకు పుటలకు పుటలు వ్రాయువారు ఒకసారి మంత్రగుప్తుని వైపు చూచిన బాగుండును.

రెండవది వ్రాతలో కాక నోటిలో నున్న కథ. కైకలూరునకు చెందిన కొల్లేటికోట సరస్సు నడుమ నున్న లంకగ్రామము. అక్కడ లాంగూల గజపతి యను ఓఢ్రరాజు కోట కట్టెనందురు. చుట్టును కొల్లేరే అగడ్త. శత్రుసేన ఒడ్డున చిగురుకోటలో విడిసి, ఎంత ప్రయత్నించినను నీరు దాటలేక, చివరకు సరస్సులోని నీరంతయు సముద్రమునకు పోవునట్లు కాలువ త్రవ్వెనట. అదియే ఉప్పుటేఱు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిపోసిన నీటిని నేటికిని సముద్రమునకు చేర్చునది ఆ యేరే. నీరు తగ్గుట చూచి గజపతి సేనాని దేవతలను ప్రసన్నము చేసికొనుటకు తన కూతురినే బలియిచ్చెనని కథ. ఆమె పేర ఆ కాలువకు పేరంటాల కనమ యను పేరు కలిగినది. ప్రకృతి ఏర్పఱచిన యేటిని శత్రువులు త్రవ్విరనుట చరిత్ర కాదు. అది జనులు తమ నేలను గూర్చి చెప్పుకొన్న మాట.

ఇప్పుడు పోలిక చూడుడు. కోటలో రాజు, ఒడ్డున శత్రువు, నడుమ ఒక పిల్ల. గజపతి గెలిచెనా, ఓడెనా? అడిగినవారికి ఒక్కొక్కరు ఒక్కొక్క విధముగా చెప్పుదురు. గజపతికి గుడి లేదు. కోటయును దిబ్బలే. ఉప్పుటేటికి మాత్రము ఆ పిల్ల పేరున్నది. కొల్లేటికోటలో నేడు కొలువున్నది పెద్దింట్లమ్మ. ఫాల్గుణమాసమున తిరునాళ్లకు పడవలమీద వచ్చు వేలమంది జనము ఆ తల్లిని చూడ వచ్చుచున్నారు గాని, గజపతిని తలచుకొనుటకు కాదు. రాజు కొఱకు చేసిన బలి జనస్మృతిలో నిలిచినది, రాజు జాఱిపోయెను.

కారెంపూడిలో జరిగినదియు ఇదియే. అచ్చట నున్నది వీరుల గుడి. కార్తిక అమావాస్య మొదలుకొని అయిదు దినములు జరుగు ఉత్సవమున రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని దినమునకొక ఘట్టము. మందపోరునాడు చాపకూడు పెట్టుదురు. కల్లిపాటినాడు వీరులు నేలకొరుగుట. ఈ అయిదింటిలో పట్టాభిషేకము లేదు. రామాయణమును పట్టాభిషేకముతో ముగింపక తృప్తి చెందని జాతి, ఈ కథను ఉత్సవముగా చేసికొనునపుడు సింహాసనము ఊసెత్తలేదు. నలగామునకు పండుగ లేదు, మలిదేవునకు పండుగ లేదు. ఆయుధములను పూజించుదురు, వాటిని పట్టినవారిని పూజించుదురు. క్రీడాభిరామకర్త ఓరుగంటి వీథులలో పలనాటి వీరుల గాథను పాడుట వర్ణించెను. అంతకాలము నుండియు ఆ గాథ వీరులదే గాని రాజులది కాలేదు.

కనుక ప్రజాపక్షము పలనాటి కథలో లేదని చెప్పి ఊరకుండుట కూడ తప్పే యగును. అది కథలోని పాత్రలలో లేదు, కథ చెప్పువారిలో ఉన్నది. బ్రహ్మనాయుడు రాజు కొఱకు పోరాడెను. అతని పోరును పాడినవారు రాజును విడిచిపెట్టిరి. ఈ రెంటిని కలిపివేయుట వలననే నేటి విమర్శలో చిక్కు వచ్చినది.

నిజముగా రాచరికమునకును ప్రజాప్రభుత్వమునకును జరిగిన పోరు తెలుగునేలపై ఒక్కటి కలదు. దాని తేదీలు మన పెద్దలకు జ్ఞాపకమున్నవి. 1947 జూన్‌లో నిజాము తాను స్వతంత్ర ప్రభువునగుదునని ప్రకటించెను. ఆంధ్రమహాసభ, స్టేటు కాంగ్రెసు ఒకవైపు. ఆజాద్ హైదరాబాదు కోరిన ఇత్తెహాదులు, రజాకార్లు మఱొకవైపు. పల్లెలలో అంతకుముందే, 1946 నుండి, దేశముఖులపై రైతుల సాయుధపోరాటము నడచుచుండెను. 1948 సెప్టెంబరు 13న భారతసైన్యము ప్రవేశించినది. 17న నిజాము లొంగిపోయెను. 1951 అక్టోబరు వరకు పల్లెలలో పోరు ఆగలేదు. అన్నదమ్ముల తగవుగాక, రాజు ఉండవలెనా వలదా అను వాదము ఇందులోనే వచ్చినది. దీని సాహిత్యమును పలనాటి కథ ప్రక్కన నిలిపి చూచుట విమర్శకునకు తగిన పని.

సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు గారలు వ్రాసిన మా భూమి నాటకము 1947లో వెలువడినది. ప్రజానాట్యమండలి దళములు దానిని కోస్తా జిల్లాలలో ఊరూర ప్రదర్శించినవి. 1948లో మద్రాసు ప్రభుత్వము నిషేధించినది. దేశముఖును ఎదిరించి హతుడైన బందగీ కథ దానికి ప్రేరణ. అందులో పోరు గడీతో, దొరతో. హైదరాబాదు గద్దెపై నున్నవాడు దూరమున నుండును. దాశరథి రంగాచార్యుల నవల చిల్లర దేవుళ్లు పేరే ఈ సంగతి చెప్పుచున్నది. పెద్ద రాజు ఊరూరికి రాలేడు. చిన్నరాజులై పంచుకొని యుండును. నాటకకర్తలు, నవలాకారులు రాజును చూపకపోవుట మలిదేవుని ముఖము చూపకపోవుట వంటిది కాదు. పలనాటి గాయకుడు రాజును మఱచెను. వీరు రాజు ఎచ్చట దాగియున్నాడో వెదకి చూపిరి. ఆ పని పలనాటి గాథకు సాధ్యము కాలేదు; గడీ లేక కాదు, దానిని గడీగా చూడగల కన్ను లేక. మాచెర్ల రైతు శిస్తు ఎవరికి కట్టెనో అడుగని కథ, మాచెర్ల ఎవరిదో తేల్చుటకు వేలమందిని చంపినది.

అయితే ఆధునికులు ఈ విషయమున పూర్వులకంటె ఎంతో ముందున్నారని అనుకొనుటకును వీలులేదు. నిజాము లొంగిన పిమ్మట జరిగినదేమి? 1950 జనవరి 26న గణతంత్రము వచ్చిన దినముననే ఆయన హైదరాబాదు రాష్ట్రమునకు రాజప్రముఖుడయ్యెను. 1956 అక్టోబరు 31 వరకు ఆ పదవిలో నుండెను. యుద్ధానంతరము నలగాముని మరల గద్దెపై కూర్చుండబెట్టి గుత్తికొండ బిలమునకు పోయిన బ్రహ్మనాయుడు, ఓడిన రాజునకు రాజప్రముఖ పదవినిచ్చిన క్రొత్త ప్రభుత్వము, ఈ రెండు చిత్రములు ప్రక్కప్రక్కన నిలిచినపుడు నవ్వవలెనో, ఆలోచింపవలెనో తెలియదు. కారణములు వేఱు. బ్రహ్మనాయునకు మిగిలిన రాజు ఒక్కడే. ఢిల్లీ ప్రభుత్వమునకు రాజును శాంతముగా దించుట కావలెను, దించినది కూడ. కాని పల్లెలలో బిడ్డలను పోగొట్టుకొన్నవారికి ఆ కారణములు ఎంతవరకు ఊరటయో చెప్పలేము. కైకలూరు వృద్ధుని ప్రశ్న అక్కడను వేయదగినదే.

ఆయనకు మేము ఆనాడు చెప్పిన సమాధానము తప్పు. నలగాముని పునఃప్రతిష్ఠను బ్రహ్మనాయుని ఔదార్యముగా వివరించితిమి. పాఠ్యపుస్తకములన్నియు అట్లే చెప్పుచున్నవి. ఇప్పుడు చూడగా అది ఔదార్యము కాదు, ఊహకు వచ్చిన గోడ. మలిదేవాదులు పడిపోయిరి, కొడుకు పడిపోయెను, కన్నమదాసు, అనపోతు లేరు. గెలిచినవాని చేతిలో రాజ్యము మిగిలినది, దానినుంచుటకు రాజు మిగులలేదు. అరాజకమనినచో అల్లకల్లోలమని నేర్చిన కాలమున ఆయనకు వేఱు దారి కనబడలేదు. శత్రువునే పిలిచి కూర్చుండబెట్టెను. ఆ తరువాత ఊరిలో నిలువలేక బిలమునకు పోయెను. ఆ నిష్క్రమణమును యోగమనియు, విష్ణ్వంశయనియు కథ కప్పినది. ఆ కప్పు తీసి చూచినచో అందులో ఒక వృద్ధుని ఓటమి కలదు. పిల్లలంతా ఎందుకు చచ్చినట్టని బహుశః ఆయనయు తన్ను తాను అడిగికొని యుండును.

పిచ్చకుంట్లవారు పాడు పలనాటి గాథలో ఈ ముగింపు ఘట్టము ఎట్లు చెప్పబడుచున్నదో, ఏ ప్రాంతమున ఏ మార్పుతో చెప్పబడుచున్నదో సేకరించి పోల్చు పని ఇంకను మిగిలియున్నది. ముద్రితప్రతులన్నియు బాలచంద్రుని పతనము మీదనే ఎక్కువ దృష్టి నిలిపినవి. యుద్ధము తరువాతి నలగాముని గూర్చి, నాగమ్మను గూర్చి, మొగవారు మిగులని ఇండ్లను గూర్చి గాయకులు ఏమి పాడుదురో వినవలెను. మా శాఖలోని పరిశోధక విద్యార్థులు కొందఱు ఈ పని చేపట్టుటకు ఉత్సాహము చూపుచున్నారు. వారు కారెంపూడికి పోవుటకు ముందు ఒక ఫాల్గుణమాసమున కొల్లేటికోటకు పోయి, తిరునాళ్లకు వచ్చిన స్త్రీలను గజపతి పేరు అడిగి, తరువాత పేరంటాల కనమ ఎవరని అడిగి, ఆ రెండు సమాధానములను వ్రాసికొని రావలెనని మేము కోరితిమి.